తొమ్మిది కూడిన టైరు

ఫిల్మ్‌నగర్‌లో కోపానికి ఒక క్రమం ఉండేది. నిర్మాత దర్శకుడి మీద, దర్శకుడు అసిస్టెంటు మీద, అసిస్టెంటు లైట్‌మ్యాన్ మీద కోప్పడాలి. లైట్‌మ్యాన్ ఇంటికి పోయి కోప్పడాలి. ఈ వరసలో టైర్ల షాపువాడికి చోటు లేదు. అయినా శాంతరాజు కొన్నేళ్లుగా, ఎవరి అనుమతీ తీసుకోకుండా, కిందినుంచి పైకి కోప్పడుతూ వచ్చాడు.

ఆయనది తెనాలి దగ్గర ఊరు. బెజవాడలో లారీ టైర్లతో ఆరేళ్లు కుస్తీపట్టి, 1983లో హైదరాబాదు చేరాడు. సినిమావాళ్లు ఒక్కొక్కరే మద్రాసు నుంచి వచ్చి జూబ్లీహిల్స్ బండలు పగలగొట్టి ఇళ్లు కట్టుకుంటున్న రోజులవి. ఏ ఇంటికీ పనికిరాక మిగిలిపోయిన ఒక బండ పక్కన, ఫిల్మ్‌నగర్‌కి దిగే మలుపులో ఆయన రేకుల షెడ్డు వేశాడు. భార్య కరుణాకుమారి వెంగళరావు నగర్‌లో టీచరు. ఆదివారం చర్చిలో లోకంలోని రోగులందరికోసం ప్రార్థించాక, భర్త నోటికోసం విడిగా ఒక నిమిషం తీసిపెట్టేదాన్నని ఆవిడే చెప్పేది. రోగులు కొందరు బాగుపడ్డారు.

శాంతరాజు కోపానికి కారణం ఒక్కటే. తొంభైల్లో కొత్త కార్లొచ్చాయి, వాటి వెనకే సింగపూర్ నుంచి తళతళలాడే పెద్ద చక్రాలొచ్చాయి. కంపెనీ ఇచ్చిన పదమూడంగుళాల చక్రం తీసేసి పధ్నాలుగు, పదిహేను అంగుళాలది బిగించుకోకపోతే మనిషిగా లెక్క లేదని ఆ కొండమీద తీర్మానం జరిగిపోయింది. చక్రం పెంచినవాళ్లు టైరు సంగతి ఆలోచించలేదు. ఆయన మొదట్లో ఓపిగ్గానే చెప్పేవాడు. టైరు మీద రాసిన మొదటి అంకె దాని వెడల్పు. రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు నూటికి ఎంతో చెబుతుంది. మూడోది చక్రం అంగుళాలు. చక్రం పెరిగితే గోడ తగ్గాలి, మొత్తం ఎత్తు మారకూడదు.

"గారెకి చిల్లు పెద్దది చేస్తే చుట్టూ పిండి తగ్గించుకోవాలి కదండీ. మూకుడు అదే కదా," అనేవాడు. మూకుడంటే మడ్‌గార్డ్. అందులో ఉండే ఖాళీ రెండు వేళ్లు.

ఏ బండినైనా పరీక్ష చేయకుండా పంపేవాడు కాదు. మడ్‌గార్డ్ లోపలి అంచుకి తడిసుద్ద పూసి, వెనక సీట్లో ముగ్గురు బరువైనవాళ్లని కూర్చోబెట్టి, స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పించి, స్పీడ్‌బ్రేకర్ మీదుగా ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ పోనిచ్చేవాడు. టైరు మీద తెల్లగీత పడితే ఆ టైరు ఇంటికెళ్లిపోవాల్సిందే. ఎందరో పెద్దమనుషులు ఆ వెనక సీట్లో బరువులుగా సేవచేశారు.

1995లో సత్యనారాయణమూర్తి అనే నిర్మాత కొత్త కారుతో, నాలుగు పధ్నాలుగంగుళాల చక్రాలతో వచ్చాడు. ఆయన అంతకుముందు మూడు సినిమాలు తీశాడు. మూడింటి పేర్లకీ అక్షరాలు పెంచి, తగ్గించి కూడికని తొమ్మిదికి తెచ్చాడు. మూడూ పోయాయి. దానికి ఆయన ప్రేక్షకుల పుట్టినతేదీల్ని తప్పుపట్టాడుగానీ తొమ్మిదిని ఒక్కమాట అనలేదు.

శాంతరాజు బండి చూసి, కంపెనీ టైరు నూటడెబ్భై అయిదు, డెబ్భై, పదమూడు కాబట్టి దీనికి నూటయెనభై అయిదు, అరవై, పధ్నాలుగు సరిపోతుందని, ఎత్తులో రెండు మిల్లీమీటర్ల తేడా అని చెప్పాడు. నిర్మాత కాగితం మీద అంకెలన్నీ కూడాడు. ఇరవై అయిదు. మళ్లీ కూడితే ఏడు.

"ఏడు నాకు పడదు రాజూ. నూటతొంభై అయిదు, డెబ్భై, పధ్నాలుగు వెయ్యి. తొమ్మిదొస్తుంది."

"పడాల్సింది బండికండి, మీకు కాదు. ఆ టైరు అయిదు సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు. రాసుకుంటుంది."

"అది నా అదృష్ట సంఖ్య."

"నేనెయ్యను."

ఊళ్లో వేసేవాళ్లకి కొదవా? మర్నాటికల్లా తొమ్మిది కూడిన టైర్లు ఎక్కాయి. బండి నడిపేవాడు ఓదెలు. బోరబండ మనిషి, పంతొమ్మిదేళ్లుగా ఈ కొండ దారుల్లో నడుపుతున్నవాడు. రెండోరోజే షెడ్డు ముందు బండి ఆపాడు.

"అన్నా, మలుపుల గర్‌మంటున్నది. సారుకు చెప్తే, నీకు తిప్పుడు రాదంటుండు."

శాంతరాజు టైరుకీ అంచుకీ మధ్య వేలు పెట్టబోయాడు. గోరు కూడా దూరలేదు. ఓదెల్ని తిట్టాడు, తిట్టాల్సినవాడు అక్కడ లేడు గనక. తర్వాత చీటీ రాసిచ్చాడు. ఈ టైరు ఈ బండికి పనికిరాదు, వెనక మనుషులు కూర్చుంటే గోడ కోసుకుపోతుంది, కొండ దిగేటప్పుడు పేలుతుంది అని. నిర్మాత ఆ చీటీ చదివి, దానితో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అక్షరాలు స్పష్టంగా కనపడి ఉండాలి.

ఎనిమిదోనాడు, వెనక సీట్లో ముగ్గురితో కొండ దిగుతుండగా వెనక ఎడమ టైరు పేలింది. ఓదెలు బ్రేకు జోలికి పోకుండా, స్టీరింగు గట్టిగా పట్టుకుని, బండిని లోయవైపు పోనివ్వక కొండవైపు బండకి ఆనించి ఆపాడు. ఒక తలుపు సొట్టపోయింది. మనుషులకి ఏమీ కాలేదు. వాళ్లని బతికించినందుకు ఓదెల్ని ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు.

తీసేసి ఊరుకుంటే అదో దారి. వాడికి నడపడం చేతకాదని, మలుపులో కునుకు తీశాడని నిర్మాత ప్రతి ఆఫీసులోనూ చెప్పాడు. ఫిల్మ్‌నగర్‌లో డ్రైవరుకి లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వమే, కానీ పని ఇచ్చేది పేరు. ఓదెలు నాలుగు ఇళ్లకి వెళ్లాడు. నాలుగిళ్లకీ ఆ మాట ముందే చేరింది. రోజూ పొద్దున్నే బోరబండ నుంచి నడిచొచ్చి డ్రైవర్ల అడ్డా మీద కూర్చునేవాడు. తోటి డ్రైవర్లు కూడా కునుకు సంగతి అడగకుండానే టీ ఇస్తుంటే, అడిగితేనే బాగుండుననిపించేదట.

శాంతరాజు రెండు వారాలు అన్నం సరిగా తినలేదు. కరుణాకుమారి ప్రార్థన మూడు నిమిషాలకి పెరిగింది.

పేలినదాని చోట మళ్లీ తొమ్మిది కూడిన టైరే ఎక్కించుకుని, బండ దెబ్బ బాగుచేయించుకున్న కారు మూడోవారం మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టింది. కొత్త డ్రైవరు ఒక్కరోజు నడిపి తాళాలిచ్చేశాడు. అప్పుడు సత్యనారాయణమూర్తి స్వయంగా షెడ్డుకొచ్చాడు. ఏడైనా ఫరవాలేదు, గురువారం మొదలుపెడితే దోషం పోతుందని సిద్ధాంతి చెప్పాడన్నాడు.

శాంతరాజు వేస్తానన్నాడు. సుద్ద పరీక్ష ఉంటుందన్నాడు. నడిపేది ఓదెలన్నాడు.

"వాడు నా బండి ముట్టుకోకూడదు."

"అయితే నేనూ ముట్టుకోను."

నిర్మాత చుట్టూ చూశాడు. టైరు వేసేవాళ్లు ఊళ్లో చాలామందే గానీ, రాసుకోదని పరీక్షచేసి చూపే షెడ్డు ఇంకోటి లేదు. పాపం, తొమ్మిది అక్కడ సాయానికి రాలేదు. ఓదెల్ని అడ్డా నుంచి పిలిపించారు. అతని వెనకే డ్రైవర్లు పది పన్నెండుమంది వచ్చారు.

ముందుగా, బండికున్న టైర్లతోనే పరీక్ష. సుద్ద పూశారు. నిర్మాతని, ఆయన మేనేజర్ని, లావుపాటి డ్రైవర్నొకణ్ణి వెనక కూర్చోబెట్టారు. ఓదెలు నడిచినంత వేగంలోనే బండిని మలుపు తిప్పాడు. నిర్మాత కిందనుంచి గరగరమని శబ్దం. బండి ఆపాక శాంతరాజు ఆయన్ని దింపి, వంగి చూడమన్నాడు. ఆయన వంగడం ఆ కొండ మీద ఎవరూ చూసి ఎరగరు. టైరు గోడ చుట్టూ తెల్లగీత, దాని కింద రబ్బరు కోసుకుపోయి ఉంది.

తర్వాత సరైన టైర్లు వేసి, అవే బరువులు, అదే మలుపు. టైరు నల్లగా వచ్చింది.

"సరే, టైరుదే తప్పు," అన్నాడు నిర్మాత.

"టైరు దానంతటది ఎక్కలేదండి. చీటీ కూడా రాసిచ్చాను."

నిర్మాత మాట మార్చాడు. ఓదెలూ, రేపట్నుంచి పనిలోకి రా అన్నాడు. అంత దయ తన గొంతులో ఉందని ఆయనకే అప్పుడు తెలిసినట్టుంది.

ఓదెలు తాళాలు బానెట్ మీద పెట్టాడు.

"నేను రాను సార్. నిద్రపోయిండని అందరికి చెప్పిండ్రు గదా. కాదని గీళ్లందరి ముంగట చెప్పుండ్రి. చాలు."

డ్రైవర్లు కదల్లేదు. మేనేజరు ఆకాశం వైపు చూశాడు. నిర్మాత కండువా సర్దుకుని, కింద నేలకి చెప్పినట్టుగా, ఓదెలు నిద్రపోలేదు, టైరు విషయంలో నేనే వినలేదు అని గొణిగి కారు తలుపు తెరిచాడు.

శాంతరాజు ఆ తలుపు మూసేశాడు.

"వెనకున్నవాళ్లకి వినపడలేదండి."

నిర్మాత మళ్లీ చెప్పాడు. ఈసారి మలుపు అవతలికి కూడా వినపడింది.