కింది పొరలో మిగిలిపోయిన తాళంచెవి

2022లో నేను హోసూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. టైల్స్ అంగడి పైన రెండో అంతస్తులో ఆఫీసు, మొత్తం పద్నాలుగు మందిమి. చిన్న ఆసుపత్రుల ల్యాబుల్లో రక్తం, కఫం పరీక్షల రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రాం మాది. హోసూరు, క్రిష్ణగిరి చుట్టుపక్కల పదకొండు ఆసుపత్రులు దాన్ని వాడేవి. నేను ప్రోగ్రాం రాసేదాన్ని కాదు. మిగతావాళ్లు రాసిన ప్రోగ్రాం తయారై బయటికి వెళ్లే చోటును చూసుకునేదాన్ని. దాన్ని బిల్డ్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. కుందారపల్లిలో ఉండే మా అమ్మకు ఇది వివరించబోతే, "వండేది వాళ్లు, వంటిల్లు చూసుకొనేది నువ్వు, అంతే కదా" అని తేల్చేసింది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ప్రోగ్రాంతో పాటు దానికి కావలసిన సరంజామా అంతా ఒకే పెట్టెలో సర్ది పంపడాన్ని కంటైనర్ పద్ధతి అంటారు. ఆ పెట్టెకు మూసను ఇమేజ్ అంటారు. మా ఆఫీసులో నడిచిన ఇమేజ్ క్రిష్ణగిరి ఆసుపత్రిలోనూ అదే తీరున నడుస్తుంది. ఇమేజ్ ఒక్కసారిగా తయారుకాదు. బిల్డ్ ఫైల్లో మనం రాసిన ఆజ్ఞల ప్రకారం ఒకదాని మీద ఒకటి పొరలుగా పేరుకుంటుంది. ఆ పొరలనే లేయర్లంటారు.

నేను చేరినప్పుడు ఒక్కో బిల్డ్‌కు, అంటే ఇమేజ్ ఒకసారి తయారు కావడానికి, నలభై నిమిషాలు పట్టేది. చిన్న మార్పు చేసినా అందరూ అంతసేపూ ఎదురుచూడాల్సిందే. అక్కర్లేని సామాన్లు తీసేసి, మారని పొరలను మళ్లీ కట్టే పని లేకుండా ముందుకు జరిపి, దాన్ని ఆరు నిమిషాలకు తెచ్చాను. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

ఆ తొందరలో ఒక పని చేశాను. ఖాళీ రిపోర్టు నమూనాలు ఇంటర్నెట్‌లోని మా స్టోరేజ్‌లో ఉండేవి. బిల్డ్ మధ్యలో వాటిని తెచ్చుకోవాలంటే ఒక కీ కావాలి. కీ అంటే పొడవాటి అక్షరాల వరస, తాళంచెవిలాంటిది. దాన్ని లోపలికి కాపీ చేశాను, నమూనాలు తెచ్చుకున్నాను, తర్వాతి ఆజ్ఞలో కీ ఫైలును చెరిపేశాను. తయారైన ఇమేజ్‌ను నడిపి చూశాను. ఫైలు లేదు. సరేననుకున్నాను. అదే కీ, రోగులందరి పాత రిపోర్టులు దాచే అరను కూడా తెరుస్తుందని తెలుసు. చెరిపేశాను కదా అనే ధైర్యం.

ఎనిమిది నెలల తర్వాత ఒక మంగళవారం పొద్దున క్రిష్ణగిరి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే మునిరత్నం.

"మేడం, మీరు పంపిన ఇమేజ్‌లో ఒక కీ కనబడతా ఉండాది. మీదేనా?"

"యాడ కనబడిందప్పా? దాంట్లో కీ లేదే."

"పైన లేదు మేడం. లేయర్లు విడదీసి చూసినాను. మూడో దాంట్లో ఉండాది."

నేనూ విడదీసి చూశాను. ఉంది. పై పొరలో చెరిపితే కింది పొరలోది పోదు, కంటికి కనబడకుండా పోతుందంతే. గోడ మీద రాతకు సున్నం కొట్టినట్టు. ఇది నేను చదివిన సంగతే. చదివింది ఒకటి, చేసింది ఒకటి. ఆ ఇమేజ్ ఎనిమిది నెలలుగా పదకొండు ఆసుపత్రుల్లో ఉంది. అక్కడికి వచ్చిపోయే కంప్యూటర్ రిపేరు వాళ్లెవరైనా దాన్ని విప్పి చూసి ఉండవచ్చు.

కీ ఇమేజ్‌లో ఉండిపోయిందని మా యజమాని శీనప్పకు చెప్పాను, అది నా పనేనని ఇంకా అనలేదు. ఆయన చెడ్డ మనిషి కాడు, భయపడ్డాడు. కీ మారిస్తే మా సర్వర్‌లో అన్నీ సరిచూసుకునేదాకా రోగుల ఫోన్లకు రిపోర్టులు వెళ్లవు. ఆసుపత్రులన్నీ ఎందుకని అడుగుతాయి.

"ఆదివారం మారుద్దామమ్మా. ఆ పొద్దు ల్యాబులు ఉండవు. ఎవరికీ తెలియకుండా అయిపోతుంది," అన్నాడు. అంటూనే బిల్డ్ ఫైల్ తెరిచి, కీని కాపీ చేసే ఆ లైను ఎవరు రాశారో చూశాడు. ఎవరి మార్పు ఏదో గుర్తుంచుకునే ఏర్పాటు ఉంటుంది. అందులో గౌరక్క పేరుంది.

గౌరక్క కావేరిపట్టణంలో ఒక బడిలో ఏళ్ల తరబడి కంప్యూటర్ పాఠాలు చెప్పి, నలభై దాటాక ఈ పనిలోకి వచ్చిన మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. అంతకు నెల ముందు ఆమె ఆ ఫైలును చక్కగా సర్ది కొత్త ఫోల్డర్‌లో పెట్టింది. దాంతో ప్రతి లైనుకూ ఆమె పేరే పడింది.

శీనప్ప ఆమెను పిలిచాడు. "ఏమమ్మా ఇది? ఇంత పని చేస్తివే?"

గౌరక్క తెర వంక చూసింది. ఒక్కో లైనూ కిందికి జరుపుతూ పోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెప్పాల్సింది నేనే. వెంటనే చెప్పలేదు. ఎక్కువసేపు కాదు. కానీ ఆ కొద్దిసేపట్లో, ఇది ఇలాగే జరిగిపోతే బాగుండునని నా మనసు అనుకున్న మాట నిజం.

"అది నేను రాసినాను సార్," అన్నాను చివరికి. "ఆయమ్మ ఫైల్ని జరిపింది, అంతే. ఆదివారం దాకా ఆగొద్దు. ఇప్పుడే మారుస్తాను."

శీనప్ప తల ఊపాడు. మధ్యాహ్నంలోగా పాత కీని పనికిరాకుండా చేశాం. మూడు గంటల పాటు ఎవరి ఫోన్లకూ రిపోర్టులు వెళ్లలేదు. పదకొండు ఆసుపత్రులకూ నేనే ఫోన్ చేసి, ఎందుకో దాచకుండా చెప్పాను.

మర్నాడు క్రిష్ణగిరి బస్సెక్కాను. అక్కడి డాక్టరమ్మ నేరుగా మాట్లాడాలంది.

"ఎవరన్నా చూసినారా మా రోగుల రిపోర్టులు?"

"మూడు నెలల లాగ్‌లు ఉండాయి డాక్టరమ్మా. అంటే ఆ అరను ఎవరు ఎప్పుడు తెరిచినారో రాసిపెట్టే చిట్టా. దాంట్లో మేము తప్ప ఎవరూ లేరు."

"దానికి ముందు?"

"తెలియదు. అప్పటి చిట్టా మేము ఉంచలేదు."

"ఈడ క్వారీలో పని చేసేవాళ్లు వస్తారు. టీబీ అని నలుగురికీ తెలిస్తే మళ్లీ పనికి పిలవరు. ఆ తెలియదు అనే మాటను నేను వాళ్లకెట్ల చెప్పేదమ్మా? తప్పు మీది, భయం వాళ్లది."

తప్పేమిటో, ఏమి తెలుసో, ఏమి తెలియదో మామూలు మాటల్లో రాసివ్వమంది. అక్కడే కూర్చుని తెలుగులోనూ తమిళంలోనూ రాశాను. నేను రాసిన వాటన్నిటిలోకీ అదే కష్టమైనది. ఆమె దాన్ని ల్యాబు గోడకు అంటించింది. ఆ ఏడాది చివర మా ప్రోగ్రాం మానేసింది కూడా. ఆమెను తప్పుపట్టలేను.

బయటికి వస్తూ మునిరత్నాన్ని అడిగాను, "పొరలు విడదీసి చూడాలని నీకెందుకు తోచిందప్పా?"

అతనికి ప్రశ్నే వింతగా అనిపించినట్టుంది. "మా ఆసుపత్రిలో పెట్టేది కదా మేడం. లోపల ఏముండాదో చూడకుండా ఎట్ల పెట్టేది?"

నేనూ చూశాను కదా అనుకున్నాను బస్సులో. నేను చూసింది నా పని సరిగ్గా ఉందని తేల్చుకోవడానికి. అతను చూసింది లోపల ఏముందో తెలుసుకోవడానికి. రెండూ ఒకటి కావు.

తర్వాత చాలా మార్చాం. ఇప్పుడు కీని బిల్డ్ జరిగే ఆ క్షణానికి మాత్రమే చేతికిస్తాం, ఏ పొరలోనూ నిలవదు. ఒక కీ ఒక్క పనికే పనికొస్తుంది. తయారుచేసే ఇమేజ్ వేరు, బయటికి పంపే ఇమేజ్ వేరు. పంపేముందు ప్రతి పొరనూ విప్పి చూసే పరీక్ష పెట్టాం. అది గౌరక్క చేతిలో ఉంది. బిల్డ్ ఆరు నిమిషాల నుంచి తొమ్మిదికి పెరిగింది. ఎవరూ నొచ్చుకోలేదు.

కొత్తగా చేరినవాళ్లకు ఇవన్నీ చెబుతాను. చెప్పనిది ఒకటుంది. కొన్నాళ్ల తర్వాత టీ తాగుతూ గౌరక్క అంది: "ఆ పొద్దు నువ్వు చెప్పకుంటే నేనే ఒప్పుకొనుందును మంజులా. పేరు నాదే ఉండాది కదా. నాకు తెలియకుండా నేనే ఏమో చేసేసినాను అనుకొన్నాను."

నేను మౌనంగా నిలబడ్డ ఆ కొద్దిసేపూ ఆమె తన చేతులు చేయని తప్పును వెతుక్కుంటూ ఉందన్నమాట. అప్పటినుంచి ఏదైనా చెడిందని తెలిస్తే, అందులో నా చేయి ఎంతవరకుందో ముందు నలుగురికీ చెబుతాను. కారణం తర్వాత వెతుకుతాను.