వల ముక్క పొగ

చేపలమ్మి బతికినదాన్ని. కుళ్లిన చేప ముట్టుకున్నా నాకేమీ అనిపించదు. నైలాన్ వల కాలిన కంపు వస్తే మాత్రం ఇప్పటికీ ముక్కు మూసుకుని పక్కకి పోతాను.

నా కూతురి కూతురు మాట తక్కువ పిల్ల. కోపం వస్తే తల గోడకేసి కొట్టుకుంటుంది. శ్రీకాకుళంలో మనసు డాక్టరు దగ్గర మందులు వాడుతున్నాం. నిద్రలో నోరు తెరిచి గురక పెట్టేది. ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోయేది. కాసేపు కొట్టుకుని మళ్లీ తీసుకునేది. అది విని, మనసు డాక్టరే మమ్మల్ని గొంతు డాక్టరు దగ్గరికి పంపించారు. లోపల గడ్డలు వాచి గాలి దారి మూసేశాయని, కోసి తీసేయాలని ఆయన చెప్పారు.

"దాంతో పిచ్చి తగ్గుతాదా బాబూ?" అన్నాను.

"అది వేరమ్మా. నిద్ర బాగుంటే చిరాకు కొంత తగ్గొచ్చు. ఇలాగే వదిలేస్తే గుండెకి ప్రమాదం."

నా ఆడపడుచుకు ఇదేదీ ఎక్కలేదు. సముద్రంలో పోయిన మా ఆయనే పిల్ల పీక నొక్కుతున్నాడంది. మా వాళ్లలో అలాంటప్పుడు పోయినవాడి వల ముక్క కాల్చి పొగ వేస్తారు. పూర్వం నూలు వలలు. ఇప్పుడన్నీ నైలానే.

ఆపరేషన్‌కి ముందురోజు నేను గంప దించి ఇంట్లోకి వచ్చేసరికి, ఆడపడుచు పిల్లకు దుప్పటి కప్పి, వల ముక్క కాల్చి పొగ పడుతోంది.

"ఏటే, ఏటి సేస్తన్నావు?"

"మా అన్నని పంపించేస్తన్నాను వొదినా. నీ వల్ల అవదు గదా."

"సీమ మీద కూడా సెయ్యెత్తనోడు, పిల్ల పీక నొక్కుతాడా? నీకు నోరెలా వచ్చిందే?"

దుప్పటి లాగేస్తే పిల్ల కళ్లు వాచి, దగ్గుతూ కళ్లె కక్కుతోంది.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు గొట్టం పెట్టి విన్నారు. ఛాతీలో పిల్లికూతలు వస్తున్నాయి, ఈ స్థితిలో మత్తు ఇవ్వలేమని వెనక్కి పంపేశారు. బస్సులో పిల్ల నా ఒళ్లో నిద్రపోయి మళ్లీ ఊపిరి ఆపింది. చంకలో చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టాను. ఇంటికెళ్లగానే మా ఆయన వల మొత్తం మూటగట్టి పక్క పడవ వాళ్లకిచ్చేశాను. ఆయనదంటూ మిగిలింది అదే. అయినా ఇచ్చేశాను.

ఛాతీ బాగుపడ్డాక గడ్డలు తీశారు. ఇప్పుడు పిల్ల నోరు మూసుకుని నిద్రపోతోంది. తల కొట్టుకోవడం పోలేదు. కాస్త తగ్గింది.

మొన్న మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. పడుకున్న పిల్లను చూసి అరుగు మీద చతికిలబడింది.

"సూసావా వొదినా? మా అన్న పొగకే పోయాడు."

"నెమ్మదిగా మాటాడు. పిల్ల లేస్తాది," అన్నాను.

ఆమె వెళ్లాక, కూర్చున్న చోట చేపలు కడిగిన నీళ్లు పోసి చీపురుతో తోసేశాను.