అందరినీ అడిగిన డాక్టరమ్మ

ఆ రోజు పొద్దున ఫిల్ములు చూసే లైటుపెట్టెలో ఒక ట్యూబు మినుకుమంటోంది. మేడం ఎందుకో ఇంకా రాలేదు, రాగానే చెప్పి మార్పించాలనుకుంటున్నాను. అటెండరు లోపలికి వచ్చి, చీపురు గోడకు ఆనించి, నా వైపు చూడకుండా అన్నాడు.

"డాక్టరమ్మ పోయినారంటమ్మా. తనంతట తానే."

నాకు అర్థం కాలేదు. స్విచ్చి ఆపి మళ్ళీ వేశాను. ట్యూబు అట్లాగే మినుకుమంది. ఇది రాస్తున్నప్పుడు కూడా పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

ఆవిడ బళ్ళారి బజారులో తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ళ ఇంటి ఆడపడుచు. మా ఆసుపత్రిలో మానసిక వైద్యం చూసేవారు. నేను ఆవిడ దగ్గర స్కాను ఫిల్ములు గీసేదాన్ని. దిగులు జబ్బుతో, చచ్చిపోవాలన్న ఆలోచనలతో వచ్చేవాళ్ళలో కొందరికి తల స్కాను తీయించేవారు. ఆ ఫిల్ము మీద పలచని కాగితం పరిచి, మెదడు భాగాల అంచుల్ని సన్నటి పెన్సిలుతో దించి, గ్రాఫు కాగితం మీద గళ్ళు లెక్కపెట్టి, ఏ భాగం ఎంతుందో రాయాలి. మాట్లాడే అవసరం లేని పని. అందుకే నాకు నచ్చింది.

కొత్తలో నేను మగవాళ్ళ కొలతలూ ఆడవాళ్ళ కొలతలూ కలిపి సగటు తీసి ఇచ్చాను. నేను చూసిన పుస్తకాల్లో అట్లాగే ఉండేది. ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి నవ్వారు.

"ఇదెవరి మెదడమ్మా? ఇట్లాంటి మగోడు మోకలో లేడు, ఇట్లాంటి ఆడమనిషి కప్పగల్లులో లేదు."

అవి మా చుట్టుపక్కల పల్లెలు. ఆ తరువాత ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ వేరువేరుగా గీయించారు. ఒకే జబ్బు ఆడవాళ్ళ మెదడులో ఒకచోట, మగవాళ్ళ మెదడులో మరొకచోట గుర్తు వదులుతుందేమోనని ఆవిడ అనుమానం. తేలిందా అని అడిగితే, ఇంత కొద్ది ఫిల్ములతో ఏమీ తేలదనీ, తేలిందని ఎవరైనా చెప్తే నమ్మొద్దనీ అనేవారు. కొలిచేది ఎప్పటికో తేలుతుంది, ఈలోపల మనిషిని అడగొచ్చు కదా అనేవారు.

అడగడం ఆవిడ పద్ధతి. మా దగ్గర ఆడవాళ్ళ జబ్బు అత్తో మొగుడో చెప్పడం అలవాటు. ఆవిడ తోడొచ్చినవాళ్ళను కన్నడంలో మర్యాదగా బయట కూర్చోమని, తలుపు వేసి, అప్పుడు అడిగేవారు. మగవాళ్ళనూ అంతే. మోక నుంచి వచ్చిన ఒక రైతు నాకు బాగా గుర్తు; ఆ రోజు ఫిల్ము ఇవ్వడానికి వెళ్ళి నేనూ గదిలోనే ఉన్నాను. గ్యాసు తలకెక్కిందని అన్ని ఆసుపత్రులూ తిరిగి వచ్చాడు. ఆవిడ నిద్ర గురించి, కోపం గురించి, తాగుడు గురించి అడిగి, అదే గొంతుతో అడిగారు.

"బతకొద్దనిపిస్తాందా అప్పా?"

అతను ఫ్యాను వైపు చూస్తూ అన్నాడు. "మగోణ్ణి ఇట్లా అడుగుతారా యాడన్నా?"

"మగోళ్ళనే అడగల్ల. ఆడోళ్ళు కండ్లనీళ్ళన్నా పెట్టుకుంటారు. మీరు గ్యాసంటారు."

అతను నవ్వబోయి, తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కొన్ని నెలల తరువాత సంచి నిండా వేరుశనక్కాయలతో వచ్చి, గ్యాసు తగ్గిందని చెప్పాడు. ఆవిడ కాయలు మా అందరికీ పంచారు.

అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని ఆసుపత్రిలో కొందరు భయపడేవారు. అడిగితే పుట్టదమ్మా, లోపల ఉండేది బయటికొస్తుంది, అంతే అనేవారు ఆవిడ. చివరి నెలల్లో ఆవిడ మాకన్నా ముందే వచ్చి కూర్చునేవారు. పని మీద ధ్యాస అనుకున్నాం.

ఆ కబురు విని ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి లోపల ఒకటే చర్చ. గుండెపోటని చెబుదామని అన్నగారు అన్నారు. ఇంత చదివి, ఇంతమందికి నయం చేసి, ఏం లాభమని ఎవరో అన్నారు. ఆవిడ చదువంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుందేమోనని నాకు భయమేసింది. గోడకు ఆనుకుని కూర్చున్న వాళ్ళమ్మ కొడుకును పిలిచింది.

"గుండె అని చెప్పొద్దురా. దాని గుండె బాగుండె. జబ్బు ఉండె, మనకి తెల్లేదు. వాకిట్లో దాని పేషంట్లు నిలబడుకోనుండారు. వాళ్ళకి అబద్ధం చెప్తావా?"

అన్నగారు బయటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఎవరూ ఏడవలేదు. ఆ మోక రైతు కూడా అక్కడే ఉన్నాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరినీ చూడకుండా అడిగాడు.

"ఆయమ్మ మమ్మల్నందర్నీ అడిగె. ఆయమ్మని ఎవురడిగినారు?"

డాక్టర్లున్నారు, నర్సులున్నారు, మేమున్నాం. ఎవరమూ అడగలేదు. డాక్టరుకు ఆ జబ్బు రాదని మేమందరం అనుకున్నాం. పైకి చెప్పుకోలేదు, అనుకున్నాం.

మరుసటి రోజు ట్యూబు మార్పించాను. ఆడవాళ్ళ ఫిల్ములు ఒకవైపు, మగవాళ్ళవి ఒకవైపు పెట్టి గీయడం మొదలుపెట్టాను. భోజనాల వేళ కొత్తగా చేరిన డాక్టరు ఒంటరిగా కూర్చుని ఉంటే, తలుపు వేసి, ఆవిడ అడిగే మాటే అడిగాను. అతను లేదని చెప్పి, అడిగినందుకు థాంక్స్ అన్నాడు.

ఏం లాభమన్న మాటకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. నేను ఆవిడ దగ్గరికి మొదటిసారి వచ్చింది ఉద్యోగం కోసం కాదు. పందొమ్మిదేళ్ళ వయసులో, ఓపీ చీటీ పట్టుకుని వచ్చాను. ఆవిడ తలుపు వేసి, నన్నూ ఆ మాటే అడిగారు.