శారదాంబ వెండి

పరదేశంలోని క్లేటన్ పేటలో తెలుగిళ్ళ పూజగదుల్లో మెరిసే వెండిలో సగం శారదాంబ వేలికొసల నుంచి రాలిందే. నమ్మకపోతే మీ ఖర్మ. వైశాలి కళ్ళారా చూసింది.

శారదాంబ యూనివర్సిటీ ల్యాబ్‌లో కెమిస్ట్రీ నేర్పుతుంది. అక్కడి విద్యార్థులంతా ఆవిడని "షారడా" అని పేరుపెట్టి పిలుస్తారు. కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చిన వైశాలికి మాత్రం చచ్చినా నోరు రాదు.

ఆరోజు ఆఖరి ప్రాక్టికల్. ముందున్న పేరులేని ద్రవం ఆల్డిహైడా, కీటోనా తేల్చాలి. తప్పితే సెమిస్టర్ మొత్తం మళ్ళీ చదవాల్సిందే. వెండి ద్రావణంలో నాలుగు చుక్కలు వేసి వేడినీళ్ళలో పెడితే, ఆల్డిహైడ్ తాను ఆమ్లంగా మారిపోతూ గాజుగొట్టం లోపల వెండి అద్దం పోస్తుంది. కీటోన్ ఉలకదు, పలకదు; పెళ్ళిలో అలిగిన మామగారిలా కూర్చుంటుంది.

వైశాలి గొట్టంలో అద్దం రాలేదు. నల్లటి మడ్డి దిగింది.

"అద్దం రాలె ఆంటీ. కీటోనే అని రాసేస్త."

"ల్యాబ్‌లో ఆంటీ ఏంటమ్మా? రాసెయ్, నాదేం పోయింది! ఇంట్లో వెండి కుంది నల్లబడితే ఇనుమనుకుని పారేస్తావా?"

వైశాలి పెన్ను ఆగింది. కీటోనైతే అసలేమీ రాకూడదు. మరి ఈ నలుపెక్కడిది?

"అంటే, గిది గూడ వెండేనా?"

ఆవిడ గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసి, "ఇందులో కాఫీ ఏమన్నా తాగావా?" అంది.

వైశాలి సిగ్గుతో కొత్త గొట్టం తీసి, తళతళలాడేదాకా కడిగింది. ద్రావణం అప్పటికప్పుడు కలిపి, ఆ ద్రవం నాలుగు చుక్కలు వేసింది. వేడినీళ్ళలో నిలబెట్టి, అంతలోనే పైకెత్తి చూడబోయింది.

"కదపకు. డోన్ట్ టచ్ ఇట్."

శారదాంబ గొట్టం మీదుగా చెయ్యి ఆడించిందో లేదో, వెండి పాకింది! అందులో వైశాలికి తన ముఖం కనబడింది. కిటికీ బయట మాగ్‌పై పిట్ట ఆ అద్దంలో తన నీడను చూసుకుని కయ్యానికి దిగింది.

"ఆల్డిహైడ్!" వైశాలి గంతేసింది. "మిగిలిన వెండినీళ్ళు ఇంటికి కొంచవోత ఆంటీ, రూమ్మేట్స్‌కు చూపిస్త."

"ఎండితే పేలుద్ది! ఇటివ్వు!" మాట కంటే ముందే శారదాంబ చెయ్యి సీసా లాక్కుంది. అక్కడికక్కడే యాసిడ్ పోసి, వ్యర్థాల డబ్బాలో పారబోసింది. ఆ ఒక్క లాగుడుతోనే ల్యాబంతా బతికింది.

వైశాలి పాసైంది. ఆదివారం నిప్పులమీద కాల్చుకుతినే బార్బీ విందులో, ఆంటీ చెయ్యి తగిలితే నీళ్ళు వెండైనయని అందరికీ చెబుతుంటే, శారదాంబ మొక్కజొన్న కంకి తిప్పుతూ అంది:

"నేను తాకలేదు. వెండి ద్రావణంలోనే ఉంది. తను గొట్టం శుభ్రంగా కడిగింది, అంతే."