కదలని వ్యాగన్లు

ఆటబల్ల మీది ప్లాస్టిక్ వ్యాగన్లు గంటసేపుగా వణకలేదని గమనించిన క్షణానే నాకు భయం పుట్టింది. మా క్వార్టర్స్ పట్టాలకి ఎంత దగ్గరంటే, ఇనుప ఖనిజం మోసే గూడ్సు పోయినప్పుడల్లా గ్లాసుల్లో నీళ్ళు వణుకుతాయి, పేర్చిన వ్యాగన్లు పక్కకి జరుగుతాయి. మొన్న ఆదివారం మధ్యాహ్నం అవి కదల్లేదు. ఇవాళ పిల్లలు పడుకున్నాక ఆ ఆట పెట్టె మూత తీశాను.

ఆ ఆట మా పెద్దాడికి లెక్కలు చెప్పే టీచరమ్మది, ఆమె నా స్నేహితురాలు కూడా. బెంగళూరు నుంచి ఆమె తమ్ముడు పంపాడట. ఒక పటం, ఊరికీ ఊరికీ మధ్య గీతలు, రంగురంగుల వ్యాగన్లు. చీటీలో పడిన రెండు ఊళ్ళని కలుపుతూ లైను వేసుకోవాలి. ఒకరు వేసిన దారి ఇంకొకరికి లేదు. నాకు మొదట్లో నచ్చలేదు. పాచికలే లేవు. వైకుంఠపాళిలో పాము మింగితే పాముని తిట్టుకోవచ్చు, ఇందులో ఓడితే తప్పు మనదే. రెండో ఆదివారానికి నాకే పిచ్చి పట్టింది, కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో కూడా లెక్కపెట్టలేదు. పక్కింటి గ్యాంగ్‌మన్ భార్య తన వంతు వచ్చేదాకా సామలు చెరుగుతూ, "మనిసెక్కని బండికి ఇన్ని టేసన్లెందుకమ్మా?" అని నవ్వేది. నవ్వుతూనే అందర్నీ ఓడించేది.

ఆ రోజు మావారూ ఆడారు. పట్టాలు చూసుకునే ఉద్యోగం ఆయనది. ఆట సగంలో ఉండగా కబురొచ్చింది, ఘాట్ లైన్లో టైడా స్టేషన్ వైపు వానకి కొండచరియ వదులైందని. ఆయన రెయిన్‌కోటు తొడుక్కుంటుంటే, ఆయనకి కావలసిన ఆఖరి గీత మీద నా వ్యాగన్లు నాలుగు పెట్టేశాను.

"దారి మూసేశావా?" అన్నారు.

"చుట్టూ తిరిగి రండి," అన్నాను గొప్పగా. పక్కింటాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయారు.

బండ్లు ఆగాయని తెలిశాక, మాతో ఆడుతున్న టీచరమ్మ స్టేషన్‌కి పరిగెత్తింది. చీకటి పడ్డాక తడిసి ముద్దయి వచ్చింది. కొండ జారింది, వాళ్ళిద్దరూ ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. "బేగి వొచ్చేత్తారమ్మా," అంది గ్యాంగ్‌మన్ భార్య. కానీ ఆమె చేతిలో ఖాళీ చేట ఆడుతూనే ఉంది.

నేను బీయస్సీ చదివాను, శకునాలు నమ్మను. అయినా బల్ల దగ్గరికెళ్ళి నా నాలుగు వ్యాగన్లూ తీసేశాను.

"అమ్మా, దొంగాట!" అన్నాడు పెద్దాడు. వాడి వీపు మీద ఒక్కటిచ్చాను. గ్యాంగ్‌మన్ భార్య ఈసారి నవ్వలేదు. చేట కింద పెట్టి, మావారి పసుపు వ్యాగన్లు ఒక్కొక్కటే ఆ ఖాళీలో పేర్చింది. ఆ బల్ల మీద ఆమె భర్తకి వ్యాగన్లు లేవు. నావి తీసి ఆమె చేతిలో పెట్టాను. వాటినీ పక్కనే పెట్టింది.

ఆ తరవాత ఎంతసేపు గడిచిందో చెప్పలేను. మా ఇంట్లో గంటలు కొట్టేవి గూడ్సు బండ్లే. అవి ఆగితే కాలం మా గుమ్మం దాకా వచ్చి నిలబడిపోతుంది.

తెల్లారాక స్టేషన్ నుంచి మనిషొచ్చాడు. ఇద్దరూ కొండచరియకి అవతల, గ్యాంగు గుడిసెలో ఉన్నారు, నడిచి వస్తున్నారు. గ్యాంగ్‌మన్ భార్య మా గడప మీదే కూలబడి ఏడ్చింది.

పెద్దాడు లేస్తూనే బల్ల వైపు చూశాడు. "రాత్రి నువ్వు దొంగాట ఆడావు కదా?" చిన్నది వాడి వెనకే నిలబడింది.

"ఆడాను," అన్నాను. "నాన్న చుట్టూ తిరిగి వస్తున్నారు. వచ్చేదాకా ఆ బల్ల ఎవరూ కదపకండి."