మేడమ్ నా పేరు రాసి ఉంచిన పేజీ

కాశీబుగ్గలో మాకు ఇంగ్లీషు చెప్పిన మేడమ్ పోయారు. కబురు తెలిసేసరికి నేను విశాఖ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. పేషెంటుకి బీపీ చూసి, అంకె రాయడం మరిచిపోయాను. ఆవిడకి చెప్పాల్సిన మాట ఒకటి ఏడాదిగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక ఎవరికి చెప్పను?

నర్సుగా విదేశం వెళ్లాలంటే ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. దానికి మేడమ్ తన వరండాలో పాఠాలు చెప్పేవారు. ఇంగ్లీషు జాతీయాల కోసం ఆవిడకొక పొడుగు నోటుబుక్కు ఉండేది. పేజీకి ఒక జాతీయం. దాన్ని పరీక్షలో వాడాలంటే, దానికి సరిపోయే సంగతి మా ఇంట్లో నిజంగా జరిగినది ముందు ఆవిడకి చెప్పాలి. మేడమ్ మా పేరుతో సహా రాసుకుని ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టేవారు. మా అమ్మ జీడిపిక్కలు ఒలిచే పనికి పోయి నన్ను చదివించిన సంగతి అలాగే ఒక పేజీ ఎక్కింది.

నాకేమో తొందర. గైడు కొని నలభై జాతీయాలు బట్టీ పట్టాను. పరీక్షలో, మీ అమ్మతో ఎంత తరచుగా మాట్లాడతారని అడిగారు. "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అని టక్కున చెప్పేశాను. ఎప్పుడో గాని మాట్లాడనని దానర్థం. రోజూ అమ్మకి ఫోన్ చేయందే అన్నం తినను నేను! ఎందుకలా అని అడిగితే గైడులోని ఇంకో జాతీయం అప్పజెప్పాను. పరీక్ష పోయింది.

పాఠానికి వెళ్లి ఇది చెబితే మేడమ్ నవ్వుతారనుకున్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఏటే, మాట బాగుందని అమ్మని దూరం సేసేసినావా? ఇంగ్లీసులో సెప్పినా అబద్దం అబద్దమే కదా."

"మార్కులొత్తాయనుకున్నాను మేడమ్."

"మార్కులకేటి, మళ్లీ వత్తాయి. ఆ బ్లూ మూన్ పేజీకి సరిపడే సంగతి జరిగినప్పుడు వచ్చి సెప్పు. అందాకా కాళీగా ఉంచుతాను."

నలుగురిలో అన్నారని నాకు రోషం వచ్చింది. పాఠాలు మానేశాను. రెండోసారి పరీక్షలో అమ్మ గురించి ఉన్నదున్నట్టు చెప్పి నెగ్గాను. మేడమ్‌కి చెప్పాల్సింది అదే. సిగ్గుపడి వెళ్లలేదు. విశాఖ నుంచి రైల్లో, కాశీబుగ్గని ఆనుకునున్న పలాస దాటి మా సుమ్మాదేవిలో దిగిన ప్రతిసారీ, వచ్చేసారి వెళ్దామనుకునేదాన్ని. ఒకే ఒక్కసారి వెళ్లాను. మేడమ్‌ని డయాలసిస్‌కి తీసుకెళ్లారని పక్కింటావిడ చెప్పింది. తలుపుకి తాళం చూసి, నిజం చెప్తున్నాను, హమ్మయ్య అనుకున్నాను. ఆ పాపం నన్నిప్పుడు కూర్చోనివ్వడం లేదు.

పన్నెండో రోజున వాళ్లింటికి వెళ్తే మేడమ్ భర్త నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నీ పేజీ ఒకటి ఉండిపోనాదని అంటుండేదమ్మా. నువ్వొత్తే ఇమ్మంది."

తీశాను. పైన ఆ జాతీయం, కింద ఆవిడ చేతిరాతతో నా పేరు. మిగతాదంతా తెల్లగా ఉంది. మేడమ్‌ని చూడ్డానికి నేనెంత తరచుగా వెళ్లానో అక్కడే కూర్చుని ఇంగ్లీషులో రాశాను. జాతీయం సరిగ్గా సరిపోయింది.

టిక్కు పెట్టే ఎర్ర పెన్ను నోటుబుక్కు అట్టకి తగిలించే ఉంది.