పాలిష్ అక్క ఎటు కూర్చుంటుంది?

మా వీధి చివరి వడ్రంగి కొట్టులో రంపం చప్పుడు ఆగితే ఎవరూ పట్టించుకోరు. మాటల చప్పుడు ఆగితే మాత్రం పక్క కొట్ల వాళ్ళు తొంగి చూస్తారు. ఆ కొట్టు బావాబామ్మర్దులది. బావ పొడుగు మనిషి, నిదానం. బామ్మర్ది పొట్టి, చురుకు. ఇద్దరి మధ్యా, ఒకరికి భార్యగా, ఇంకొకరికి అక్కగా, కాళ్ళు చాపుకుని కూర్చుని తలుపులకు వార్నిష్ పూసే ఆవిడను వీధంతా పాలిష్ అక్క అంటుంది.

వార్నిష్ పూసీ పూసీ ఆవిడ చేతులు మొద్దుబారాయి. అందుకని పిల్లల మంచాల అంచులు గరుకు కాగితంతో రుద్దాక చెంప ఆనించి చూస్తుంది. ఎవరి బిడ్డ మోచెయ్యి గీసుకుపోతుందో అని ఆవిడ బెంగ. డబ్బా మూత తీసేముందు, ఆ తలుపు వెళ్ళబోయే ఇంటివాళ్ళను చల్లగా చూడమని దేవుడికి ఓ మాట చెప్పుకుంటుంది. ఆ ఇంటివాళ్ళకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

కొట్టులో పని ఒక పద్ధతిగా సాగేది. ఒకరు కొలత చెబితే, రెండోవారు కాదనాలి.

"మూడడుగుల మీద రెండంగుళాలు," అనేవాడు బావ టేపు పట్టుకుని.

"నీ మొహం! టేపు వేలాడుతుంటే అడుగులెక్కడివి? బిగించి పట్టు బావా."

"ఒరేయ్, కళ్ళున్నది నాకు."

"కళ్ళజోడున్నదీ నీకేగా. తుడుచుకో."

తిట్టుకుంటూనే మళ్ళీ కొలిచేవాళ్ళు. ఇద్దరి నోటా ఒకే కొలత వచ్చాకే రంపం కదిలేది. ఆ కొట్టు తలుపు ఏ గుమ్మంలోనూ ఇరుక్కోలేదంటే కారణం ఆ నోళ్ళే.

పాలిష్ అక్క కూతురు చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. సాయంత్రాలు చెక్క పొట్టు మధ్య పీట వేసుకుని, మర్నాటి పాఠం అమ్మకు అప్పజెబుతుంది. ఒకసారి ఆ పాఠం తగువుల మీదికి మళ్ళింది.

"ఇంగ్లీషులో దెబ్బలాటలకు ఎన్ని మాటలో చూడమ్మా. రబ్బరు ముక్క కోసం పిల్లలు కొట్టుకుంటే స్క్వాబుల్. అయినదానికీ కానిదానికీ కీచులాడుకుంటే బికరింగ్."

"మరి మాదేదమ్మా?" అన్నాడు బామ్మర్ది ఉలి పక్కన పెట్టి.

"మీది బికరింగే మామయ్యా."

"ఛీ, అంత చిన్నదా? ఇంత గొంతు చించుకుంటే ఇంకాస్త పెద్ద మాట రాదా?"

"కారణాలు చెప్పి వాదిస్తే ఆర్గ్యుమెంట్ అంటారు."

"అయితే నాది ఆర్గ్యుమెంట్. మీ నాన్నది బికరింగ్," అని తేల్చేశాడు మామయ్య. బావ చిత్రిక పొట్టు గుప్పెడు తీసి అతని నెత్తిన పోశాడు.

"ఆర్గ్యుమెంట్ చెక్క గురించి," అంది కూతురు నవ్వాపుకుని. "మనిషి మీదికి వెళ్ళిందంటే అది క్వారల్. మొహాలు చూసుకోవడం మానేస్తారు. అదీ ముదిరితే డిస్‌ప్యూట్. తీర్పు చెప్పడానికి మూడో మనిషిని పిలుచుకోవాలి."

"ఆ మూడో మనిషి బతుకేం కావాలి?" అంది పాలిష్ అక్క, కుంచె డబ్బాలో ముంచుతూ. అందరూ నవ్వుతున్నారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, ఆస్పత్రి తలుపుల పని ఇవ్వడానికి కాంపౌండరు వచ్చాడు. కొలత దగ్గర మామూలుగానే మాటా మాటా పెరిగింది. ఆ పూట బావకు తలనొప్పి. ఉండబట్టలేక కాంపౌండరు వైపు తిరిగి అనేశాడు: "వాడి మాట వినకండి. మా ఆవిడ తమ్ముడని పెట్టుకున్నా గానీ వాడికి కొలతలేం తెలుసు?"

బామ్మర్ది టేపు చుట్టి బల్లమీద పెట్టాడు. ఆ పూట నుంచి కొట్టులో వినబడిన మాటలు వేరు.

"ఆ సుత్తి ఇలా ఇస్తారా అండీ?"

"తప్పకుండా. తీసుకోండి."

మన భాషలో అసలు కోపం ఎక్కితే మనిషి మర్యాదస్తుడైపోతాడు. ఒరే పోయి అండీ వచ్చిందంటే నివురు కింద నిప్పు ఉన్నట్టే. పాలిష్ అక్క ఆ అండీలు వినలేక చెవుల మీదికి కొంగు లాక్కునేది.

"అమ్మా, ఇది క్వారల్," అంది కూతురు మెల్లిగా.

"అంతటితో ఆగితే దేవుడికి దండం పెట్టుకుంటా."

ఆగలేదు. కొట్టు మధ్య ప్లైవుడ్ అడ్డగోడ కట్టి చెరో సగం తీసుకుందామని ఇద్దరూ మహా మర్యాదగా ఒప్పుకున్నారు. ఒప్పుకుని, ఒకరి తర్వాత ఒకరు ఆవిడ దగ్గరికే వచ్చారు.

"అక్కా, ధర్మం నువ్వే చెప్పు. బయటివాడి ముందు అంత మాట అనొచ్చా?"

"నాకిద్దరూ కావాలిరా. నన్ను తక్కెడ పట్టుకోమనకు."

మొగుడు ఇంకో దారిన వచ్చాడు. "గోడ పడ్డాక నువ్వెటు కూర్చుంటావే? ఇటేగా?"

భర్త వైపు కూర్చుంటే తమ్ముడి మనసు విరుగుతుంది. తమ్ముడి వైపు కూర్చుంటే ఇంటికెళ్ళి అన్నం ఎలా వడ్డిస్తుంది? ఆ రాత్రి ఆవిడ ప్రార్థన ఒక్క మాటే: నన్ను ఎటో ఒకవైపు కూర్చోబెట్టకు స్వామీ.

అడ్డగోడ పని మొదలైంది. బావ ఒక చివర నుంచి సగం, బామ్మర్ది ఇంకో చివర నుంచి సగం. మధ్యలో కలవాలి.

"నా వైపు ఎత్తు ఏడడుగులండీ," అన్నాడు బావ.

"మీరు చెప్పాక తిరుగేముంది? అలాగే కానివ్వండి."

ఎవరూ కాదనలేదు. ఎవరూ మళ్ళీ కొలవలేదు. ఆ పాత కొట్టు నేల ఒకవైపుకి వాలి ఉందని ఇద్దరికీ తెలుసు. ఏ తలుపు నిలబెట్టినా ఆ వాలు మీదే పోట్లాడుకునేవాళ్ళు. ఈసారి పోట్లాట లేదు కాబట్టి వాలూ గుర్తు రాలేదు.

రెండు సగాలూ నిలబెట్టారు. ఒకటి పైకి పోయింది, ఒకటి కిందికి ఉంది. పొడవూ ఎవరూ సరిచూడక, మధ్యలో కలవాల్సిన చోట ఓ మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. అంతసేపూ ఆ పనిని చూడలేక వెనక కూర్చున్న పాలిష్ అక్క, టీ గ్లాసులతో ఆ సందులోంచే ఇవతలికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే కాంపౌండరు తలుపుల సంగతి కనుక్కోవడానికి లోపలికి అడుగుపెట్టాడు. అడ్డగోడను ఎగాదిగా చూశాడు.

"ఇదేం మోడలండీ? మా ఆస్పత్రి తలుపులూ ఇలాగే చేస్తారా? ఆ రోజే అన్నారుగా మేస్త్రీ, మీ బామ్మర్దికి కొలతలు తెలియవని..."

బావ మొహం ఎర్రబడింది. అతను అడ్డగోడ వైపు చూశాడు, బామ్మర్ది వైపు చూశాడు.

"వాడికి కొలతలు రావని నేనన్నది తప్పు," అన్నాడు గట్టిగా. "మా కొట్టులో అసలు కొలత వాడిదే. ఈ వంకర నాది. కొలిచి చెప్పింది నేను."

బామ్మర్ది సుత్తి కింద పెట్టి ముందుకొచ్చాడు.

"నీదెలా అవుతుంది బావా? నేల వాలు నాకు తెలియదా? నోరు మూసుకున్నది నేను. తప్పు నాది."

"ఒరేయ్, నాదంటుంటే!"

"నీకంత సీను లేదులే. వంకర ఎక్కువున్నది నా సగంలోనే."

"ఏదీ, టేపు తే. ఎవరి వంకర ఎక్కువో తేలుద్దాం."

"వేలాడదీయకుండా పట్టు ఈసారైనా!"

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని నేల కొలవడం మొదలుపెట్టారు. తప్పు నాదంటే నాదని అరుచుకుంటుంటే పక్క కొట్టువాడు తొంగి చూసి, హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయాడు. కాంపౌండరు బిత్తరపోయి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"గొడవపడుతున్నారేంటమ్మా? నా తలుపులు ఇవాళ ఇస్తారా?"

పాలిష్ అక్క కొంగుతో కళ్ళొత్తుకుని, ఒక టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, తను కూర్చునే పీటను ఆయన వైపు జరిపింది.

"ఇవాళ కావు బాబూ. అవి వీళ్ళ అండీల రోజుల్లో విడివిడిగా కొలిచినవి. మళ్ళీ ఇద్దరూ కొలవాలి. కూర్చోండి, ఆలస్యమవుతుంది."